బడి భోజనాన్ని నమ్ముకుని పిల్లలను అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్లవచ్చా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వచ్చే నెలలో మీరు పనికోసం కువైట్ వెళుతున్నారు. మూడో తరగతి పాప, ఏడో తరగతి బాబు రాజోలు దగ్గర మీ అమ్మగారి వద్ద ఉంటారు. ఇన్నాళ్లూ ప్రైవేటు బడికి క్యారేజీ కట్టి పంపేవారు, ఇప్పుడు ఊళ్లోని ప్రభుత్వ బడుల్లో చేర్పిస్తున్నారు. మీ అమ్మగారు మోకాళ్ల నొప్పులతో మూడు పూటలా పొయ్యి దగ్గర నిలబడలేరు కనుక మధ్యాహ్నానికి బడి భోజనమే ఆధారం. దానికి దరఖాస్తు పెట్టుకోవాలా, రేషన్ కార్డు చూపించాలా, డబ్బు కట్టాలా, ఎదిగే పిల్లలకు ఆ తిండి చాలుతుందా, ఆ బియ్యంలో ప్లాస్టిక్ కలుపుతున్నారన్న మాట నిజమేనా అని అడిగారు. కోనసీమ బడుల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, చివరి సంవత్సరాల్లో ప్రధానోపాధ్యాయురాలిగా ఈ భోజనం బాధ్యత మోసినదాన్ని కనుక నాకు తెలిసింది చెబుతాను. నమ్ముకోవచ్చు. కానీ ఇంటి నుంచి ఒక పెద్దమనిషి అప్పుడప్పుడు ఆ వంట దగ్గరికి వెళ్లి చూసే బడిలో ఈ భోజనం ఒక రకంగా ఉంటుంది, ఎవరూ రాని బడిలో ఇంకో రకంగా ఉంటుంది. కాబట్టి మీరు వెళ్లేలోగా చేయవలసిన ఏర్పాటు కాగితాలది కాదు, ఆ వెళ్లి చూసే మనిషిది.

ముందుగా కాగితాల సంగతి. దరఖాస్తు లేదు, ఆదాయ ధ్రువపత్రం లేదు, రేషన్ కార్డు ఏ రంగుదైనా సంబంధం లేదు, రూపాయి కట్టనవసరం లేదు. బడి హాజరు పట్టీలో పిల్లల పేరు ఎక్కిన రోజు నుంచి భోజనం వారిదే. ఇది ఎవరో దయతలచి పెట్టేది కాదని మీ అమ్మగారికి గట్టిగా చెప్పండి. పెద్దవారిలో కొందరు "ఊరికే పెడుతున్నారు కదా, అడిగితే బాగుండదు" అని మొహమాటపడతారు. 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం ప్రకారం ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి వరకు చదివే ప్రతి బిడ్డకూ బడి నడిచే ప్రతి రోజూ ఒక పూట ఉచిత భోజనం హక్కు. మన రాష్ట్రం 2008లోనే తన సొంత నిధులతో తొమ్మిది, పది తరగతులకూ దీన్ని విస్తరించింది. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో కూడా పెడుతున్నారు. అంటే మీ బాబు ఇంటర్ వరకు ప్రభుత్వ విద్యాసంస్థల్లోనే చదివితే మధ్యాహ్నం తిండికి వెతుక్కోవలసిన అవసరం రాదు.

ఒక్క విషయంలో మీ అమ్మగారు తికమకపడవచ్చు. ఈ పథకానికి పేర్లు చాలా ఉన్నాయి. 2020లో జగనన్న గోరుముద్ద అన్నారు, 2024 నుంచి డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం అంటున్నారు, కేంద్రం 2021లో తన పథకానికి పీఎం పోషణ్ అని పేరు మార్చింది. అన్నీ ఒకే అన్నం. సీతమ్మగారి పేరు మాత్రం మన వారికి పరిచయం చేయనక్కరలేదు. మండపేటలో 1841లో పుట్టి, లంకల గన్నవరం కోడలై, గోదావరి పాయలు దాటి వచ్చిన బాటసారికి వేళ కాని వేళలో కూడా అన్నం పెట్టిన ఇల్లాలు ఆవిడ. మీ ఊరికి ఆ గన్నవరం ఎంతో దూరం కాదు.

ఇక భోజనం ఎలా నడుస్తుందో తెలిస్తే, ఎక్కడ ఏది తప్పుతుందో మీకే అర్థమవుతుంది. పొద్దున హాజరు వేయగానే ఎంతమంది వచ్చారో, ఎంతమంది తింటారో లెక్క తీసి యాప్‌లో నమోదు చేస్తారు. ఆ లెక్క ప్రకారమే బియ్యం, గుడ్లు కొలిచి వంట చేసేవారికి ఇస్తారు. వండేవారు ఎక్కువగా ఆ ఊరి డ్వాక్రా సంఘాల మహిళలే. 25 మంది పిల్లల వరకు ఒకరు, 100 మంది వరకు ఇద్దరు, ఆ పైన ప్రతి వందకూ ఒకరు చొప్పున ఉంటారు. బియ్యం ప్రభుత్వం ఇస్తుంది, గుడ్లు, చిక్కీలు సరఫరాదారుల నుంచి వస్తాయి. పప్పు, నూనె, కూరగాయలు, పోపు దినుసులు, వంట చెరకు లేదా గ్యాసు వంటివాటికి తలకు ఇంత అని వంట ఖర్చు కట్టిస్తారు. 2025 మే 1 నుంచి కేంద్రం నిర్ణయించిన ధర ప్రాథమిక తరగతుల బిడ్డకు రోజుకు 6 రూపాయల 78 పైసలు, ఆరు నుంచి ఎనిమిది తరగతుల బిడ్డకు 10 రూపాయల 17 పైసలు. నలభై మంది ఉన్న ప్రాథమిక బడికి ఈ లెక్కన రోజుకు 271 రూపాయలు వస్తాయి. కందిపప్పు, మునక్కాయ, టమాటా ధరలు మీకు తెలుసు. ఈ డబ్బు కూడా చేతికి ముందుగా రాదు. నేను పనిచేసిన రోజుల్లో వంట చేసే తల్లులు కిరాణా కొట్లో అరువు రాయించి, బిల్లు వచ్చాక తీర్చేవారు. బిల్లు ఆలస్యమైతే కొట్టువాడు పప్పు ఇవ్వనన్న రోజులూ ఉన్నాయి. వారికి రాష్ట్రంలో నెలకు ఇచ్చే గౌరవ వేతనం 3,000 రూపాయలు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, చారు పలచబడిన రోజున మన నోటికి ముందుగా వచ్చే తిట్టు ఆ వంటావిడ మీదికే పోతుంది. తప్పు చాలాసార్లు ఆవిడ గరిటె దాకా రాకముందే జరిగి ఉంటుంది.

మీ పిల్లలిద్దరికీ రెండు బడులు కావచ్చునని గుర్తుంచుకోండి. పాపది ప్రాథమిక పాఠశాల, బాబుది జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అయితే రెండు వంటశాలలు, ఇద్దరు ప్రధానోపాధ్యాయులు, రెండు కొలతలు. పాపకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. బాబుకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, 7.5 గ్రాముల నూనె. పాప భోజనంలో కనీసం 450 కేలరీల శక్తి, 12 గ్రాముల మాంసకృత్తులు ఉండాలి, బాబు భోజనంలో 700 కేలరీలు, 20 గ్రాములు. వంద గ్రాముల బియ్యం అంటే కొంచెమేనని అనిపిస్తుంది కానీ అన్నం అయ్యేసరికి అది పావుకిలో దాటుతుంది, ఎనిమిదేళ్ల పిల్లకు నిండు పళ్లెం. మన దగ్గర దీనికి తోడు వారానికి ఐదు రోజులు ఉడికించిన గుడ్డు, మూడు రోజులు వేరుశనగ చిక్కీ, మిగిలిన మూడు రోజులు పొద్దున రాగిజావ ఇస్తారు. గుడ్డు ఒక్కటే ఆరు గ్రాముల దాకా మాంసకృత్తులు ఇస్తుంది. కాబట్టి చాలుతుందా అంటే, పెట్టవలసినది పెడితే మధ్యాహ్నానికి చాలుతుంది. ఉదయం ఏదైనా కడుపులో పడి వెళ్లాలి, సాయంత్రం వచ్చాక పండో పాలో ఉండాలి, రాత్రి అన్నం తినాలి. బడి భోజనం ఒక పూటకు మాత్రమే లెక్క వేసినది.

ఏ రోజు ఏం వండాలో బడి గోడ మీద రాసి ఉంటుంది. 2025 సంక్రాంతి నుంచి రాష్ట్రాన్ని నాలుగు జోన్లుగా విడదీసి, ఆయా ప్రాంతాల వారు తినే తిండిని బట్టి జాబితాలు వేశారు. ఉభయ గోదావరి జిల్లాలు, కృష్ణా ఒక జోన్. ఇది నాకు ఎంతో సంతోషం కలిగించిన మార్పు. అంతకుముందు ఎక్కడో వేసిన జాబితాలోని వంటకాన్ని మా పిల్లలు సగం తిని వదిలేయడం చూసి బాధపడేదాన్ని. మీ అమ్మగారు ఆ గోడ మీది జాబితాను సెల్‌ఫోనులో ఒక ఫోటో తీయించుకుని దగ్గర పెట్టుకుంటే, "ఈ రోజు ఏం పెట్టారు?" అని పిల్లలను అడిగినప్పుడు జవాబును సరిచూసుకోవచ్చు. పిల్లలు చెప్పేది నమ్మాలి కానీ ఒక్కరోజు మాటతో తీర్పు చెప్పకూడదు. వారం రోజులు వరుసగా గుడ్డు లేదంటే అది అడగవలసిన మాట.

బియ్యంలో ప్లాస్టిక్ సంగతి. ఇది పూర్తిగా అపోహ, అయితే దానికి కారణం లేకపోలేదు. బడులకు కొన్నేళ్లుగా పోషకాలు చేర్చిన బియ్యం ఇస్తూ వచ్చారు. బియ్యపు పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిను కలిపి, యంత్రంతో మళ్లీ గింజ ఆకారంలో చేసి, వంద కిలోల మామూలు బియ్యానికి ఒక కిలో చొప్పున కలుపుతారు. ఆ గింజ రంగులో, నునుపులో కొంచెం తేడాగా కనిపిస్తుంది, కడిగేటప్పుడు కొన్ని పైకి తేలతాయి. అది చూసి ప్లాస్టిక్ అనుకుని ఏరి పారేసేవారున్నారు. పారేసేది రక్తహీనతను తగ్గించడానికి కలిపిన మందునే. మా బడిలో ఒక తల్లి దోసెడు గింజలు ఏరి తెచ్చి నా బల్ల మీద పోసింది. నేను వాటిని గ్లాసు నీళ్లలో నానబెట్టి, కాసేపటికి మెత్తబడ్డాక వేళ్లతో నలిపి పిండి చేసి చూపించాను. మరునాటి నుంచి ఆవిడే మిగతా వారికి చెప్పింది. 2025 జూన్ నుంచి బడులకు సన్నబియ్యం ఇస్తున్నారు కనుక అన్నం ముద్దయిపోతుందన్న పాత ఫిర్యాదు చాలావరకు తగ్గాలి.

ఇనుము మాట వచ్చింది కనుక ఇంకొకటి. బడిలో వారానికి ఒకసారి ఐరన్ మాత్ర ఇస్తారు, చిన్నపిల్లలకు గులాబీ రంగుది, పెద్దవారికి నీలం రంగుది. అది భోజనం తరువాత వేసుకోవలసినది. ఆ రోజున బిడ్డ అన్నం తినకుండా మాత్ర మింగితే వికారం, కడుపునొప్పి వస్తాయి, ఇంట్లో వాళ్లు భయపడతారు. మలం నల్లగా రావడం మామూలే. మీ అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి. పిల్లల్లో ఎవరికైనా వేరుశనగ పడకపోయినా, ఇంకే తిండి సరిపడకపోయినా నోటిమాటతో వదలకండి. తెల్లకాగితం మీద రాసి, సంతకం చేసి, తరగతి ఉపాధ్యాయులకు ఒకటి, ప్రధానోపాధ్యాయులకు ఒకటి ఇవ్వండి. చిక్కీ వేరుశనగదే. గుడ్డు తినని ఇళ్ల పిల్లలనూ, కార్తీకంలో మానేసే పిల్లలనూ ఎవరూ బలవంతపెట్టరు, ఆ మాట కూడా అదే కాగితంలో రాస్తే వడ్డించేవారికి తేలిక.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నేను సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊరి బడిలో ఉన్నప్పుడు పప్పు ఉడకడం లేదని పిల్లలు తినడం మానేశారు. ఇళ్ల నుంచి మాటలు వచ్చాయి. వంటావిడ బద్ధకమన్నారు, పొయ్యి ఆర్పేస్తోందన్నారు, పప్పు మంచిది కాదన్నారు. నేను కూడా ఆవిడను రెండుసార్లు కోప్పడ్డాను, ఈ రోజుకీ అది నన్ను బాధిస్తుంది. ఒక పిల్లవాడి నాయనమ్మ మాత్రం ఎవరినీ ఏమీ అనకుండా ఒకరోజు పది గంటలకే వచ్చి వంటశాల గుమ్మంలో కూర్చుంది. పొయ్యి ఎప్పుడు వెలిగింది, పప్పు ఎప్పుడు వేశారు, నీళ్లు ఎక్కడివి, అన్నీ చూసింది. చూసి, "అమ్మా, ఈ బోరు నీళ్లతో మా ఇంట్లోనూ పప్పు ఉడకదు, మేము చెరువు నీళ్లు పోస్తాం" అంది. అంతే. తీరప్రాంతపు బోరునీటిలో ఉండే కాఠిన్యానికి పప్పు గింజ గట్టిపడిపోతుంది, గంటసేపు మరిగినా విచ్చదు. పంచాయతీ వారితో మాట్లాడి వంటకు రోజూ నాలుగు బిందెల కాలువ నీరు, వడగట్టినది, తెప్పించుకున్నాం. పప్పు ఉడికింది. మూడు నెలలుగా ఫిర్యాదులు చేసిన వారిలో ఒక్కరూ వచ్చి గిన్నెలోకి చూడలేదు. చూసిన మనిషికి ఒక్క పూటలో తెలిసింది.

అలాంటి మనిషి మీ పిల్లల తరఫున ఒకరు ఉండాలి. మీ అమ్మగారు నడవలేకపోతే మీ తమ్ముడో, పక్కింటి పిన్నిగారో నెలకు రెండుసార్లు, ముందుగా చెప్పకుండా, వడ్డించే వేళకు వెళ్లాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి బడిలో ఉండే యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సభ్యుల్లో సగం మంది స్త్రీలే ఉండాలి, భోజనాన్ని పర్యవేక్షించడం ఆ కమిటీ పనుల్లో ఒకటి. పిల్లలకు పెట్టేముందు ఒక ఉపాధ్యాయులతో సహా పెద్దవారు రుచి చూడాలన్న నియమం ఉంది. మీ మనిషి వెళ్లిన రోజున ఆ ముద్ద తానూ తినవచ్చు. ఈ నియమాన్ని కొందరు లాంఛనంగా తీసుకుంటారు, అది తప్పు. 2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో ఒక బడిలో పురుగుమందు కలిసిన నూనెతో వండిన భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. మన డెల్టాలో ప్రతి ఇంట్లో వరికి కొట్టే మందు డబ్బాలు ఉంటాయి, ఖాళీ డబ్బాను కడిగి వాడుకునే అలవాటూ ఉంది. వంటశాలలో నూనె, నీళ్లు, ఉప్పు దేనిలో పోసి ఉంచారో చూడటం మీ మనిషి మొదటి పని. రెండోది నీటి తొట్టి మూత. గుడ్డు మీద రంగు ముద్ర ఉందా, పగలగొడితే వాసన వస్తోందా అన్నది మూడోది.

తప్పు కనిపిస్తే మొదట ప్రధానోపాధ్యాయులకు చెప్పాలి, పిల్లల ముందు కాదు, వంటావిడ ముందు గొంతు పెంచి కాదు. మారకపోతే కమిటీ సమావేశంలో పెట్టి మినిట్స్‌లో రాయించాలి. అప్పటికీ కదలకపోతే మండల విద్యాశాఖాధికారికి కాగితం. బడి గోడ మీద ఫిర్యాదుల టోల్‌ఫ్రీ నంబరు రాసి ఉంటుంది. బడి నడుస్తూ కూడా బియ్యం రాలేదనో, వంటవారు లేరనో, గ్యాసు అయిపోయిందనో భోజనం పెట్టకపోతే, 2015 నాటి నిబంధనల ప్రకారం ఆ రోజుల బియ్యమూ, వంట ఖర్చూ ఆహార భద్రత భత్యంగా తరువాతి నెల 15లోగా పిల్లలకు ముట్టాలి. వరుసగా మూడు రోజులు, లేదా నెలలో ఐదు రోజులు ఆగితే బాధ్యులెవరో రాష్ట్రం తేల్చాలి. ఈ సంగతి చాలా కుటుంబాలకు తెలియదు. వరద వచ్చి లంక ఊళ్ల బడులకు సెలవు ప్రకటించిన రోజులు మాత్రం ఇందులోకి రావు, సెలవు రోజున భోజనం లేదు. జులై, ఆగస్టు నెలల్లో గోదావరి పొంగే వారాలకు ఇంట్లో వేరే ఏర్పాటు ఉండాలి. వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 11 వరకు, ఆ ఏడు వారాలూ మూడు పూటలూ ఇంటి మీదే. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు పెట్టినా భోజనం ఉంటుంది, బడి వదిలాక పెట్టి పంపుతారు. చాలామంది పిల్లలు గంట కొట్టగానే సంచీ భుజాన వేసుకుని పరుగెత్తుతారు, అన్నం తిని రమ్మని చెప్పండి.

ఇంకో మాట, రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. కొన్ని ఊళ్లలో ఇప్పటికీ వండేది ఎవరని అడిగి పిల్లలను తినవద్దనే ఇళ్లున్నాయి. వంటవారి నియామకంలో దళిత, గిరిజన మహిళలకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. మీ ప్రశ్నలో అలాంటి భావం ఏదీ లేదు. కానీ చుట్టుపక్కల వారెవరైనా మీ అమ్మగారి చెవిలో ఆ మాట వేస్తే, పిల్లలు ఆ వరుసలో అందరితో కూర్చుని తినడమే చదువులో ఒక భాగమని నా మాటగా చెప్పండి. ఒకే వరుసలో తిన్న పిల్లలు పదో తరగతికి వచ్చేసరికి ఎలా మసలుతారో నేను కళ్లారా చూశాను.

2003 జనవరికి ముందు ఇలా వండి పెట్టేవారు కాదు. హాజరు బాగా ఉన్న పిల్లలకు నెలకు 3 కిలోల బియ్యం ఇంటికి ఇచ్చేవాళ్లం. ఆ బియ్యం ఇంటి గిన్నెలో కలిసి అందరికీ అన్నమయ్యేది, అది తప్పనను. కానీ మధ్యాహ్నం రెండు గంటలకు తరగతిలో తల బల్ల మీద వాల్చేసే పిల్లలు అప్పుడు ప్రతి తరగతిలో ఐదారుగురు ఉండేవారు. వండి పెట్టడం మొదలైన ఆరు నెలల్లో అది తగ్గిపోయింది.

మీరు విమానం ఎక్కేలోగా రెండు బడులకూ ఒకసారి స్వయంగా వెళ్లండి. ప్రవేశ పత్రంలో సంరక్షకురాలిగా మీ అమ్మగారి పేరు, ఫోను నంబరు, రెండో నంబరుగా భోజనం చూసి వచ్చే మనిషి నంబరు రాయించండి. బిడ్డకు ఒంట్లో బాగాలేక రాలేని రోజున తొమ్మిదిలోపు ఫోను చేయడం అలవాటు చేయండి, లెక్క సరిగా పోతుంది. చాలా బడుల్లో పళ్లెం, గ్లాసు ఇంటి నుంచే తెచ్చుకోవాలి, స్టీలువి కొని వెనుకవైపు పేర్లు కొట్టించండి. వీలైతే ఆ రోజు మధ్యాహ్నం దాకా ఉండి పిల్లల పక్కన కూర్చుని మీరూ ఒక ముద్ద తినండి. కువైట్ నుంచి ఫోను చేసి "ఏం తిన్నావు?" అని అడిగినప్పుడు పాప చెప్పే పప్పు, చారు ఎలా ఉంటాయో మీకు తెలిసి ఉంటుంది.